12 నిమిషాల దూరంలో ఓ శివారు: ఇన్మన్ పార్క్ లెక్కలు

అమెరికాలోని అట్లాంటా నడిబొడ్డు నుంచి తూర్పుగా సుమారు 3 కిలోమీటర్లు వెళ్తే ఇన్మన్ పార్క్ వస్తుంది. వంపులు తిరిగిన వీధులు, బురుజులున్న చెక్క ఇళ్లు, విశాలమైన వరండాలు. ఇలాంటి పేటను స్ట్రీట్‌కార్ సబర్బ్ అంటారు. అంటే, ట్రామ్‌ను నమ్ముకుని ఊరి అంచున వెలసిన కాలనీ. అక్కడి ఇళ్ల తీరు అర్థం కావాలంటే ముందు ట్రామ్ వేగం చూడాలి.

గంటకు 5 కిలోమీటర్ల నడకతో ఈ దూరానికి 36 నిమిషాలు పడుతుంది. అదే ట్రామ్ గంటకు 15 కిలోమీటర్లు వెళ్తుందనుకుంటే 12 నిమిషాలు చాలు. గుర్రపు ట్రామ్‌లు అంతకుముందే ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, కానీ వాటి వేగం నడక కంటే కాస్తే ఎక్కువ. 1888లో రిచ్‌మండ్ నగరంలో ఫ్రాంక్ స్ప్రేగ్ కరెంటు ట్రామ్‌లను విజయవంతంగా నడిపాకే పరిస్థితి మారింది. మరుసటి ఏడాదే జోయెల్ హర్ట్ అనే ఇంజినీరు ఎడ్జ్‌వుడ్ అవెన్యూ మీదుగా ఇన్మన్ పార్క్‌కు కరెంటు ట్రామ్ వేయించారు.

వేగం మూడు రెట్లయితే భూమి ఎంత పెరుగుతుంది? అరగంటలో ఊరి నడిబొడ్డుకు చేరాలనుకునేవారు నడిచే రోజుల్లో రెండున్నర కిలోమీటర్ల లోపలే ఉండాలి. ట్రామ్ ఉంటే ఏడున్నర కిలోమీటర్ల దాకా వెళ్లవచ్చు. దూరం మూడింతలు, విస్తీర్ణం తొమ్మిదింతలు. ఇంటికి 100 గజాలు దక్కేచోట, అంతే జనాభాకు ఇంటికి 900 గజాలు సర్దవచ్చన్నమాట.

మరి పొలాల్లోకి పట్టాలు వేస్తే హర్ట్‌కు ఏం గిట్టుబాటు? ట్రామ్ కంపెనీతో పాటు అక్కడి స్థలాలు అమ్మే కంపెనీ కూడా ఆయనదే. ట్రామ్ రాగానే పెరిగే భూమి ధర ఆయనకే దక్కుతుంది. హైదరాబాద్ మెట్రో ఒప్పందంలోనూ టికెట్లతో పాటు స్థిరాస్తి ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నారు.

ఇప్పుడు ఇళ్ల సంగతి. గోడకు గోడ ఆనుకున్న ఇంటికి వెలుతురు ముందూ వెనకా మాత్రమే వస్తుంది. చుట్టూ జాగా ఉంటే నాలుగు వైపులా కిటికీలు పెట్టుకోవచ్చు, వరండాను మూల తిప్పి పక్కకూ సాగదీయవచ్చు. ఈ వెసులుబాటు ఆనాటి క్వీన్ ఆన్ నిర్మాణ శైలికి బాగా కలిసొచ్చింది. ఇందులో ఇంటి ముఖం రెండు పక్కలా ఒకేలా ఉండదు. ఒక మూల గుండ్రటి బురుజు, మరో వైపు ముందుకు పొడుచుకొచ్చిన గది, పైగోడల మీద చేప పొలుసుల్లా కోసిన చెక్క పలకలు. స్తంభాలు, పలకలు యంత్రాల మీద తయారై రావడంతో ఈ నగిషీ చవకైంది.

మరి ఈ పెద్ద ఇళ్ల మధ్యమధ్య చిన్న ఇళ్లెందుకున్నాయి? 20వ శతాబ్దం మొదట్లో సంపన్నుల చూపు డ్రూయిడ్ హిల్స్ వంటి కొత్త కాలనీల మీదకు మళ్లింది. ఇన్మన్ పార్క్‌లో ఖాళీగా మిగిలిన జాగాలను చిన్న ప్లాట్లుగా కోసి అమ్మారు.

1949లో అట్లాంటా ట్రామ్‌లు ఆగిపోయాయి. పెద్ద ఇళ్లు అద్దె గదులయ్యాయి. 1960ల్లో హైవే కోసం ప్రభుత్వం చాలా ఇళ్లు కూల్చింది. అయినా జనం వదల్లేదు. 1969 నుంచి పాత ఇళ్లు కొని బాగుచేసుకున్నారు, పోరాడి హైవేను ఆపించారు. 1973లో ఈ పేట జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది.

అట్లాంటాలో మీవాళ్లుంటే అక్కడి మార్టా మెట్రో రైల్లో ఇన్మన్ పార్క్ స్టేషన్‌కు వెళ్లండి. ఎడ్జ్‌వుడ్ అవెన్యూలో 1889 నాటి ట్రామ్ షెడ్డు ఇంకా ఉంది. అక్కణ్నుంచి నడుస్తూ ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం గమనించండి. ఎడం ఎక్కువుంటే అది చాలావరకు హర్ట్ నాటి ఇల్లే.