తూడుకుర్తి కళ్లు, పాలమూరు జొన్నరొట్టె

నాగర్‌కర్నూల్ పక్కనున్న తూడుకుర్తి పేరు కంటి జబ్బుల పరిశోధకులకు బాగా పరిచయం, తెలుసా? 1996 నుంచి 2000 వరకు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మంది కళ్లు పరీక్షించింది. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ (పాలమూరు) పల్లెల్ని ఎంచుకున్నారు. తర్వాతి విడతల్లో పాలమూరు వైపు పని తూడుకుర్తి కేంద్రంగానే నడిచింది. మంచం దిగలేని ముసలివాళ్ల దగ్గరికి డాక్టర్లే పరికరాలు పట్టుకుని వెళ్లారు.

మొదటి విడతలో తేలిందేమిటంటే, నూటికి దాదాపు ఇద్దరికి (1.84 శాతం) చూపు లేదు. వాళ్లలో 44 శాతం మందికి కారణం మోతిబిందు. మరో 16 శాతం మందికి సరైన అద్దాలు లేకపోవడమే! అంటే ప్రతి ఐదుగురిలో ముగ్గురికి ఓ ఆపరేషనో, ఓ జత అద్దాలో చాలు. అంతకుముందు చాలా సర్వేల్లో అద్దాలు పెట్టి చూసి, కనిపిస్తే ఆ మనిషిని అంధుల జాబితాలోంచి తీసేసేవారు. ఇంట్లో అద్దాలే లేని అవ్వకు ఆ లెక్కతో ఏం పని? ఆమె ఇప్పుడు, ఈ వాకిట్లో, ఎంత చూడగలుగుతుందన్నదే అసలు లెక్క. ఆ లెక్కకు జవాబుగా పుట్టినవే పల్లెల్లోని విజన్ సెంటర్లు. సుమారు 50 వేల జనాభాకు ఒకటి ఉండాలన్నది ఆసుపత్రి పెట్టుకున్న కొలత.

పదేళ్ల తర్వాత అదే మనుషుల్ని వెతుక్కుంటూ మళ్లీ వెళ్తే, పల్లెల్లో దాదాపు ఐదో వంతు మంది ఊళ్లు వదిలి వెళ్లిపోయారు. వలసల జిల్లా పాలమూరు సంగతి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. బతికున్నవాళ్లనూ చనిపోయినవాళ్లనూ పోల్చి చూస్తే, చూపు తగ్గినవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి.

ఇక జొన్న సంగతి. పెల్లాగ్రా జబ్బు మొక్కజొన్న తినేవాళ్లకే వస్తుందని ప్రపంచమంతా అనుకుంటున్న రోజుల్లో, హైదరాబాద్ డాక్టర్లకు దక్కను జొన్నరొట్టె మనుషుల్లో అది కనబడింది. మెడ చుట్టూ దండ వేసినట్టు నల్లటి మచ్చ, ఎండ తగిలే చేతుల మీద గరుకు చర్మం, విరేచనాలు, మతిమరుపు. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియ ‘లాన్సెట్’లో ఓ వాదన పెట్టారు: జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే ఆమైనో ఆమ్లం వంట్లో నియాసిన్ అనే విటమిన్ పనిని చెడగొడుతోందని. దానిపై చాలాకాలం చర్చ నడిచింది, అందరూ ఒప్పుకోనూ లేదు. పాపం, జొన్నను తిట్టొద్దు: పప్పు, పాలు, మాంసం ఏదీ లేక మూడు పూటలా రొట్టే తిన్నవాళ్ల జబ్బు అది. ఇప్పుడు అదే జొన్న షుగర్ పేషెంట్ల పళ్లెంలో ఖరీదైన అతిథి!

గోపాలన్, శ్రీకాంతియ పనిచేసిన సంస్థే ఇప్పుడు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో నీలగిరుల్లోని కూనూరులో ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది.

పాలమూరుకు పొరుగునే ఉన్న నల్లగొండ పేరు ఓ నీటిశుద్ధి పద్ధతికి స్థిరపడిపోయింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే ఆ ‘నల్లగొండ టెక్నిక్’ 1970లలో నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించింది. పరిశోధన ఓ జిల్లా పేరు మోయడం గౌరవమే, కానీ ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయినవాళ్లకు ఆ గౌరవంతో ఒరిగిందేమీ లేదు.

ఇన్నాళ్లూ పరిశోధకులు హైదరాబాద్ నుంచి బస్సెక్కి రావాల్సి వచ్చేది. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు, 2024లో గద్వాలకు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఎంబీబీఎస్ విద్యార్థులు చదువులో భాగంగా పల్లె కుటుంబాలను దత్తత తీసుకుని, ఏళ్ల తరబడి వాళ్ల బీపీ, షుగర్, రక్తహీనత చూస్తూ ఉండాలి. ఆ రికార్డులు మూడు కాలేజీలూ ఒకే పద్ధతిలో రాసుకుంటే, పాలమూరు ఆరోగ్యం మీద మరో అధ్యయనానికి సగం పని అయిపోయినట్టే.