బెల్టు తెగాక ఇంజన్‌కు మిగిలే నిమిషాలు

కారు వెళ్తుండగా బానెట్ కింద టప్పుమని ఒక చప్పుడు, ఆ వెంటనే డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా బ్యాటరీ బొమ్మ. డ్రైవ్ బెల్టు తెగిందనడానికి చాలా కార్లలో కనిపించే గుర్తు ఇంతే. ఇంజన్ ఆగదు, వేగం తగ్గదు. అందుకే చాలామంది ఛార్జింగ్‌లో ఏదో లోపం వచ్చిందనుకుని, బ్యాటరీ ఉన్నంతసేపు పోనిద్దామని తర్వాతి ఊళ్ళో మెకానిక్ షాపు దాకా లాగిస్తారు. ఖరీదైన పొరపాటు అక్కడే జరుగుతుంది. బెల్టు తెగిన క్షణం నుంచి మనకున్న వ్యవధిని బ్యాటరీతో లెక్కగట్టకూడదు, సిలిండర్ హెడ్‌లో పేరుకునే వేడితో లెక్కగట్టాలి. బ్యాటరీ అరగంటో గంటో ఓర్చుకుంటుంది. హెడ్ కొద్ది నిమిషాలు కూడా ఓర్చుకోకపోవచ్చు.

మెకానిక్కులు ఇప్పటికీ ఫ్యాన్ బెల్టు అనే ఈ నల్లటి పట్టీ ఇంజన్ ముందువైపు క్రాంక్ పుల్లీ నుంచి తిరుగుడు శక్తిని అందుకుని ఆల్టర్నేటర్‌కు, ఏసీ కంప్రెసర్‌కు, హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న బండిలో దాని పంపుకు, చాలా ఇంజన్లలో వాటర్ పంపుకు పంచిపెడుతుంది. అంబాసిడర్ కాలంలో రేడియేటర్ ఫ్యాన్ కూడా దీని మీదే తిరిగేది. ఇప్పటి చిన్న కార్లలో ఫ్యాన్‌కు విడిగా మోటారు ఉంది కాబట్టి బెల్టు తెగినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతోంది కదా, ఇంజన్ చల్లబడకేం అనిపించడం సహజం. కానీ ఫ్యాన్ చల్లబరిచేది రేడియేటర్‌లో ఉన్న కూలెంట్‌ను. పంపు ఆగితే ఇంజన్‌లోని వేడి కూలెంట్ రేడియేటర్ దాకా రాదు, రేడియేటర్‌లోని చల్లటి కూలెంట్ ఇంజన్‌లోకి పోదు.

ఎంత వేడి, ఎంతసేపట్లో? స్థూలంగా లెక్కవేసి చూడవచ్చు. పెట్రోలు మండితే వచ్చే శక్తిలో దాదాపు మూడో వంతు చక్రాలకు, మరో మూడో వంతు పొగగొట్టంలోకి, రమారమి అంతే కూలెంట్‌లోకి పోతుంది. చిన్న కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో సాగడానికి ఏడెనిమిది కిలోవాట్లు చాలు. అంటే కూలెంట్‌లోకి కూడా ఇంచుమించు అంతే వేడి దిగుతోందన్నమాట. ఇంట్లో నీళ్ళు కాచే 1.5 కిలోవాట్ల కెటిళ్ళు అయిదు ఒకేసారి పెట్టినంత. ఆ వేడి ఇంజన్ మొత్తానికీ సమంగా పంచుకుంటే 30 డిగ్రీలు పెరగడానికి అయిదు నిమిషాలు పట్టవచ్చు. అయితే అది సమంగా పంచుకోదు. మంట తగిలేది హెడ్‌కు. దాని గదుల్లో నిలిచిపోయిన లీటరు, లీటరున్నర కూలెంట్ ఒకటి రెండు నిమిషాల్లోనే మరుగుదశకు చేరగలదు. సరిగా బిగించిన రేడియేటర్ మూత వల్ల లోపలి పీడనం పెరిగి కూలెంట్ 120 డిగ్రీలు దాటేదాకా మరగకుండా ఉంటుంది నిజమే. కానీ ఇంజన్ మామూలుగా నడిచేదే 90 డిగ్రీల దగ్గర. మిగిలిన వెసులుబాటు ఆ 30 డిగ్రీలే.

ఒకసారి ఆవిరి పుట్టాక పరిస్థితి వేగంగా చేజారుతుంది, ఎందుకంటే ఆవిరి లోహం నుంచి వేడిని ద్రవం లాగినట్టు లాగలేదు. హెడ్ అల్యూమినియంది, దాన్ని బిగించిన బోల్టులు ఉక్కువి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. సాగడానికి చోటు లేని హెడ్ మధ్యలోని గాస్కెట్‌ను నలిపేస్తుంది, చల్లారాక వంగిపోయి మిగులుతుంది. చాలా ఇంజన్లకు ఒప్పుకునే వంపు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, మహా అయితే పదో వంతు. అది దాటితే హెడ్ విప్పి ఫేసింగ్ చేయించాలి, లేదా కొత్తది కొనాలి. కొన్ని వందల రూపాయల బెల్టుతో పోవాల్సిన ఖర్చు వేలల్లోకి వెళ్ళేది ఇలాగే.

టెంపరేచర్ ముల్లు చూసుకుంటూ మెల్లగా పోవచ్చు కదా అన్నది అన్నింటికంటే బలమైన అభ్యంతరం. ముల్లు నిజం చెబితే అది సరైన సలహానే. చాలా కార్లలో ఆ ముల్లు ఒక విస్తృతమైన పరిధిలో నడిమధ్యనే నిలిచేట్టు అమర్చి ఉంటుంది. కొన్ని కార్లలో ముల్లే లేదు, ఒక ఎర్ర దీపం మాత్రమే ఉంది. పైగా సెన్సర్ కొలిచేది తన చుట్టూ ఉన్న కూలెంట్‌ను. ప్రవాహం ఆగితే హెడ్‌లోని వేడి దాని దగ్గరకు ఆలస్యంగా చేరుతుంది. కూలెంట్ పొంగిపోయి సెన్సర్ ఆవిరిలో మిగిలితే ముల్లు కిందికి దిగవచ్చు కూడా. ఇంజన్ మరీ ప్రమాదంలో ఉన్నప్పుడే డ్రైవర్‌కు ధైర్యం చెప్పే పరికరం మీద ఆధారపడమనడం నాకు న్యాయంగా తోచదు.

అన్ని ఇంజన్లలో వాటర్ పంపు ఈ బెల్టు మీద ఉండదు, ఈ మాట ఒప్పుకోవాలి. రెనో 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్‌లో పంపును తిప్పేది టైమింగ్ బెల్టు. ఫోక్స్‌వాగన్ 1.0 టీఎస్ఐలో దానికి వేరే పళ్ళ బెల్టు ఉంది. 2009లో వచ్చిన మూడో తరం ప్రియస్‌లో పంపు విద్యుత్తుతో నడుస్తుంది, డ్రైవ్ బెల్టే లేదు. మారుతీ కె-సిరీస్ ఇంజన్లలో మాత్రం పంపు, ఆల్టర్నేటర్ ఒకే బెల్టు మీద తిరుగుతాయి. కాబట్టి తన బండి ఏ కోవలోదో సర్వీసుకు ఇచ్చినరోజే అడిగి తెలుసుకున్నవారికి మినహాయింపు ఉంది, తెలియనివారికి లేదు. ఆ మినహాయింపూ పూర్తిది కాదు. కొన్ని డీజిల్ బండ్లలో బ్రేకులకు సాయపడే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. బెల్టు తెగాక రెండు మూడుసార్లు తొక్కితే నిల్వ ఉన్న వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. తెగిన బెల్టు పోగులు క్రాంక్ పుల్లీ వెనక్కి చుట్టుకుని టైమింగ్ బెల్టు కవర్‌లోకి దూరిన సందర్భాలూ ఉన్నాయి. అక్కడ టైమింగ్ బెల్టు పళ్ళు జారితే చాలా ఇంజన్లలో వాల్వులు, పిస్టన్లు ఢీకొనవచ్చు.

అందువల్ల బ్యాటరీ దీపం వెలిగితే ముందు ఏసీ ఆపి, ఎడమ అంచుకు చేరి, ఇంజన్ ఆపి, అది పూర్తిగా ఆగాక బానెట్ ఎత్తి చూడాలి. బెల్టు దాని చోట ఉంటే, చేత్తో నొక్కినప్పుడు బిగువుగా ఉంటే, లోపం ఆల్టర్నేటర్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు దగ్గరలోని షాపు దాకా వెళ్ళవచ్చు. బెల్టు లేకపోతే కదలకూడదు. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయవచ్చు. వేడి మీద రేడియేటర్ మూత తిప్పకూడదు. పీడనం తగ్గిన మరుక్షణం కూలెంట్ ఆవిరిగా ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుస్తుంది. పాత వి-బెల్టు స్థానంలో నైలాన్ మేజోడు కట్టి నెట్టుకొచ్చిన రోజులు ఉండేవి. సన్నటి గాళ్ళున్న ఇప్పటి వెడల్పు బెల్టుకు, దాన్ని లాగిపట్టే స్ప్రింగ్ టెన్షనర్‌కు ఆ ఉపాయం పనికిరాదు.

తెగకముందే కనిపెట్టే పద్ధతి కూడా మారింది. పాత నియోప్రీన్ బెల్టులు అడ్డంగా పగుళ్ళిచ్చి హెచ్చరించేవి. దాదాపు పాతికేళ్ళుగా వాడుకలోకి వచ్చిన ఈపీడీఎం రబ్బరు సులభంగా పగలదు, టైరులా అరుగుతుంది. గాళ్ళు లోతుపడి బెల్టు పుల్లీలో అడుగంటి జారడం మొదలుపెడుతుంది, వేడెక్కుతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. పగుళ్ళు లేవు కదా ఇంకో ఏడాది పోనిద్దామనే మాట ఈ రబ్బరు విషయంలో చెల్లదు. గాళ్ళ లోతును గేజితో కొలవమని అడగాలి, కంపెనీ పుస్తకంలో రాసిన గడువుకు మార్చాలి. మార్చినప్పుడు టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలను చేత్తో తిప్పి చూడాలి. బేరింగు గరగరమంటే దాన్నీ అప్పుడే మార్చాలి, ఎందుకంటే అది బిగుసుకుపోతే కొత్త బెల్టు కూడా కాలి తెగుతుంది.