సలహా తర్వాత.. ముందు కాస్త వినండి!

ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా మనం చెప్పే మాట ఒక్కటే. 'నేను మంచిగనే ఉన్న, మీరెట్లున్నరు?' మూడు నెలలుగా జీతం రాకపోయినా అదే మాట. జ్వరంతో లేవలేకపోయినా అదే మాట. ఏజెంటుకు కట్టేందుకు తెచ్చిన అప్పు మీద మిత్తి పెరుగుతున్నా, అమ్మకు మాత్రం అంతా బాగుందనే చెబుతాం. మరి లోపలున్నది ఎవరికి చెప్పుకోవాలి?

మా క్యాంపు రూములో ఎనిమిది మందిమి. అందులో ఒక తమ్ముడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. తలా ఒక మాట చెప్పాం. 'మొగోనివి, ధైర్యంగ ఉండాలె' అని ఒకరు. 'దేవునికి మొక్కు, అంతా ఆయనే చూసుకుంటడు' అని ఇంకొకరు. 'నీకంటే నాకే ఎక్కువ అప్పుంది' అని మరొకరు. తమ్ముడు దుప్పటి కప్పుకొని గోడ వైపు తిరిగాడు. రాత్రి మాలో పెద్దాయన చాయ్ గ్లాసు పట్టుకొని అతని పక్కన కూర్చున్నాడు. 'ఏమైంది తమ్మీ?' అని అడిగి ఊరుకున్నాడు. అంతే! ఇతను చెబుతూనే ఉన్నాడు, ఆయన వింటూనే ఉన్నాడు. తెల్లారి తమ్ముడు లేచి తిన్నాడు. అప్పు తీరలేదు, కానీ గుండె బరువు కొంత దిగింది.

మా పెద్దాయన చేసిన పనినే లండన్‌లో ఒక పాస్టర్ 70 ఏళ్ల కిందట ఒక పద్ధతిగా మార్చారు. ఆయన పేరు చాడ్ వారా.

సమాధి దగ్గర తీసుకున్న నిర్ణయం

చాడ్ వారా 1911లో ఇంగ్లండ్‌లో పుట్టారు. తండ్రి కూడా ఆంగ్లికన్ చర్చి పాస్టరే. తొమ్మిది మంది పిల్లల్లో ఈయనే పెద్ద. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకొని తండ్రి దారిలోనే చర్చి సేవలోకి వచ్చారు. 1935లో లింకన్ పట్టణంలో ఆయన చేతుల మీదుగా జరిగిన తొలి అంత్యక్రియలు పద్నాలుగేళ్ల అమ్మాయివి. పెద్దమనిషి కావడమంటే ఏమిటో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. రక్తం చూసి ఏదో చెడ్డ రోగం తగులుకుందని భయపడింది, ప్రాణం తీసుకుంది. అడగడానికి ఒక్క మనిషి ఉంటే బతికేదే కదా అన్న బాధ ఆయన్ను వదల్లేదు. సిగ్గుపడి దాచుకునే విషయాలను ఇకపై తానే విప్పి మాట్లాడాలని ఆ రోజే నిర్ణయించుకున్నారు. పాస్టర్‌కు ఇవేం మాటలని కొందరు ఆడిపోసుకున్నా వెనక్కి తగ్గలేదు.

ఒక్క ఫోన్‌తో మొదలు

1953లో లండన్ నడిబొడ్డున ఉన్న సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చికి ఆయన పాస్టర్‌గా వచ్చారు. ఆ ఏడాది నవంబరు 2న తొలి ఫోన్ మోగింది. చనిపోవాలనుకునేవాళ్లు ఏ వేళలోనైనా మాట్లాడేందుకు పెట్టిన ఫోన్ అది. అప్పట్లో ఇంగ్లండ్‌లో ఆత్మహత్యాయత్నం నేరం కూడా. 1961లో గానీ ఆ చట్టం మారలేదు. నోరు విప్పితే పోలీసులొస్తారేమోనన్న భయంలో జనం ఎవరికి చెప్పుకుంటారు?

ఫోన్ సంగతి తెలిసి మనుషులు నేరుగా చర్చికే రావడం మొదలైంది. లోపల పాస్టర్ ఒకరితో మాట్లాడుతుంటే బయట మిగతావాళ్లు కూర్చునేవాళ్లు. సాయానికొచ్చిన వాలంటీర్లు వాళ్లకు టీ ఇచ్చి, చెప్పింది వినేవారు. అప్పుడే ఒక విచిత్రం కనిపించింది. తమ వంతు వచ్చేసరికి చాలామంది 'ఇక ఫాదర్‌ను కలవక్కర్లేదు, మనసు తేలికైంది' అని వెళ్లిపోతున్నారు!

ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవారేమో. ఈయన మాత్రం తన చదువు కంటే వాళ్ల వినికిడే ఎక్కువ పనిచేస్తోందని ఒప్పుకున్నారు. 1954 ఫిబ్రవరిలో ఆ పనిని వాలంటీర్లకే అప్పగించారు. పత్రికలు పెట్టిన 'సమారిటన్స్' పేరే నిలిచిపోయింది. బైబిల్‌లో, దారిలో గాయపడి పడి ఉన్న పరాయివాడిని ఆదుకున్న మంచి సమరయుడి కథ నుంచి వచ్చిన పేరది.

బోధ చేయొద్దు!

పేరు బైబిల్‌దే, పెట్టింది పాస్టరే. అయినా కష్టంలో ఉన్నవాడికి మతం బోధించకూడదన్నది ఆయన గట్టిగా పెట్టిన నియమం. ఏ మతం వాళ్లయినా, ఏ మతం లేనివాళ్లయినా వాలంటీర్లు కావచ్చు. విన్నది బయటికి పొక్కకూడదు. తప్పొప్పులు తీర్చకూడదు. వైద్యం అవసరమైతే డాక్టర్ దగ్గరికి పంపాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనం భయపడతాం గానీ, అది అపోహేనని ఇప్పటి వైద్యులూ చెబుతున్నారు.

చాడ్ వారా 2007లో 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన బాట మన దాకా వచ్చింది. 1986లో చెన్నైలో 'స్నేహ' మొదలైంది. సికింద్రాబాద్‌లో 'రోష్ని' ఇదే పని చేస్తోంది.

మనం ఏం చేయాలి?

పక్క మంచం మీది మనిషి మాట తగ్గిస్తే, తిండి మానేస్తే, తన వస్తువులు పంచిపెడుతుంటే కనిపెట్టండి. పక్కన కూర్చోండి. 'ఏమైందన్నా?' అని అడిగి ఆగండి. మీ కథ మొదలుపెట్టకండి. చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలకండి, ఆసుపత్రికి తోడుగా వెళ్లండి. జీతం, పాస్‌పోర్టు గొడవలైతే వినడంతోనే సరిపోదు, ఎంబసీ దాకా వెంట నడవాలి.

యూఏఈలో ఉన్నవాళ్లు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు. న్యాయ సలహాతో పాటు మనసు బాగాలేనివాళ్లకు కౌన్సెలింగ్ కూడా అక్కడ ఉంది. బ్రిటన్‌లో ఉంటే సమారిటన్స్ నంబరు 116 123. ఊళ్లో ఇంటివాళ్లూ మన మీద బెంగతో నలిగిపోతుంటారు. వాళ్లకు 2022లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన టెలి మానస్ నంబరు 14416 చెప్పండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు 'మంచిగనే ఉన్న' అనే ముందు ఒక్క క్షణం ఆగుదాం. అమ్మకు చెప్పలేకపోతే పోనీ, పక్క మంచం అన్నకైనా చెబుదాం.