ఉప్పూ, బెల్లం, అమ్మ చెయ్యీ

పేదపిల్లలకి సాయం అనగానే మనకి ముందు తోచేవి పాతబట్టలు, పాలపొడి డబ్బాలు, చందాలు. అవి అక్కర్లేదని అనను. కాని మన పొరుగుదేశమైన బంగ్లాదేశ్‌లో ఎన్నో పసిప్రాణాల్ని నిలిపిన సాయం ఇంకొకటుంది. దానికి కావలసిన సరంజామా అంతా వంటింట్లోదే.

1971లో ఆ దేశం ఏర్పడేనాటికి అక్కడ పుట్టిన పిల్లల్లో సుమారు ఐదుగురిలో ఒకరు ఐదేళ్ళు నిండకుండానే పోయేవారు. ముఖ్య కారణాల్లో నీళ్ళ విరేచనాలు ఒకటి. ఒంట్లోని నీరూ, ఉప్పూ పోవడంవల్లే బిడ్డ సోలిపోతుంది. "నీళ్ళు పట్టకండి, ఇంకా ఎక్కువవుతాయి" అని పెద్దవాళ్ళు అనడం మనమూ విన్నదే కదా! అసలు ప్రమాదం అందులోనే ఉంది.

ఉప్పుకి కాస్త తీపి తోడైతే రెండూ కలిసి పేగుగోడ దాటుతాయి. వాటి వెంట నీరూ లోపలికి పోతుంది. ఇలాంటి ద్రవం తాగించి కలరా రోగుల్ని బతికించవచ్చని 1968లో ఢాకా పరిశోధనశాలలో నిరూపించారు. 1971లో పశ్చిమ బెంగాల్లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ గారు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీళ్ళని డ్రముల్లో నింపించి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నాలుగులోపుకి దిగాయి.

మరి డాక్టరే లేని పల్లెకి ఈ మందు చేరేదెలా? 1980 నుంచి పదేళ్ళపాటు 'బ్రాక్' సంస్థ తరఫున ఆడపిల్లలు జట్లుగా గుడిసె గుడిసెకీ తిరిగారు. మూడు వేళ్ళతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర్ధసేరు నీళ్ళు. దీన్ని అక్కడ 'లొబొన్ గుడ్' అంటారు. లవణం, గుడం అన్నమాట! చెప్పి ఊరుకోలేదు, తల్లి చేతే కలిపించారు. కొన్నాళ్ళకి మరొకరు వెళ్ళి, ఆ తల్లికి ఎంత గుర్తుందో చూసేవారు. దాన్నిబట్టే నేర్పినమ్మాయికి జీతం. అలా సుమారు కోటీ ఇరవై లక్షల ఇళ్ళు తిరిగారు.

అయినా మొదట్లో చిక్కొచ్చింది. తల్లులకి పాఠం వచ్చింది గాని, బిడ్డకి జబ్బు చేస్తే వాడినవారు తక్కువ. విచారిస్తే, నేర్పేవాళ్ళకే దానిమీద గురి లేదని తేలింది! అప్పుడు వాళ్ళని ఢాకా తీసుకెళ్ళి, అది ఎలా పనిచేస్తుందో కళ్ళారా చూపించారు. మగవాళ్ళతో మసీదుల్లో, బజార్లలో మాట్లాడారు. ఆ తరువాతే వాడకం పెరిగింది.

ఈనాడు అక్కడ ఐదేళ్ళలోపు మరణాలు వెయ్యికి సుమారు ముప్ఫై. టీకాలూ, ఆడపిల్లల చదువూ, మంచి తిండీ కూడా ఇందుకు తోడ్పడ్డాయి. కాని తల్లిని చెయ్యిచాచే మనిషిగా కాక, బిడ్డని బతికించుకోగల మనిషిగా చూసిన సాయమిది.

ఇప్పుడు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు వచ్చాయి. కొలత తప్పదు కనుక అవే మేలు. ఉప్పు ఎక్కువైతే హాని. పొట్లం మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. తల్లిపాలు, తిండి మానిపించకండి. జింకు మందు ఎంత ఇవ్వాలో డాక్టరుగారిని అడగండి. నెత్తురు పడినా, కళ్ళు గుంటలుపడినా, బిడ్డ తాగలేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

మీ ఇంటికి పనికొచ్చే అమ్మాయికీ చంటిబిడ్డ ఉండే ఉంటుంది. ఒక పొట్లం ఇచ్చి పంపేయకుండా, ఆమె చేతే ఒకసారి కలిపించండి. మీరూ ఒక గుక్క తాగండి. వారం పోయాక, "ఏమమ్మా, గుర్తుందా?" అని అడగండి.