స్టేషన్ పక్కన ఎవరి ఇల్లు?

విశాఖ మెట్రో తొలి దశ ప్రతిపాదనలో 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు ఉన్నాయి. ఉక్కు కర్మాగారం నుంచి కొమ్మాది దాకా ఒక మార్గం. గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసుకు, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరుకు మరో రెండు. కేంద్రం 2017లో ప్రకటించిన రవాణా ఆధారిత అభివృద్ధి విధానం ప్రకారం స్టేషన్‌కు 500 నుంచి 800 మీటర్ల లోపు ఇళ్లు, కొలువులు, దుకాణాలు దట్టంగా ఉండాలి. సొంత బండి లేనివారికి మేలుచేసే ఈ సూత్రాన్ని నేను సమర్థిస్తాను. నా ప్రశ్న ఆ 800 మీటర్లలో చివరికి మిగిలేదెవరన్నదే.

స్టేషన్ వస్తే స్థలమున్నవారికి లాభం, అద్దెకున్నవారికి ఖాళీ చేయమనే కబురు. మన నగరాల్లో స్థలమెవరిదో, అద్దెకెవరున్నారో కులాన్ని పక్కనపెట్టి చెప్పలేం. ఊరికీ వెలివాడకూ మధ్య దూరాన్ని ఒకప్పుడు ఆచారం నిర్ణయించేది; ఇప్పుడు అద్దె నిర్ణయిస్తోంది. అభివృద్ధి పేరిట ఇచ్చిన మాట ఎంతకాలం నిలుస్తుందో ఉక్కు నిర్వాసితులకు తెలుసు. ఆర్‌ కార్డులతో వారు నేటికీ ఉద్యోగాలు అడుగుతూనే ఉన్నారు. పేదల కోసం మారికవలసలో కాలనీలు కట్టారు. మెట్రో మాత్రం అంతకుముందే కొమ్మాదిలో ఆగుతుంది.

తెల్లవారకముందే వీధులూడ్చే రెల్లి మహిళకు, హార్బరులో గంప నింపుకొనే జాలరి, వాడబలిజ మహిళలకు పని నగరం నడిబొడ్డునే. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం అమలవుతోంది. కానీ టికెట్టు లేకపోవడం వేరు, ఆ వేళకు బస్సు ఉండటం వేరు. పైగా 2002 నాటి మెట్రో చట్టం ‘అభ్యంతరకర’ సరుకు తేవడాన్ని నేరంగా చూస్తుంది. చేపల గంప ఆ కోవలోకి వస్తుందో లేదో గేటు దగ్గరి కాపలాదారు ముక్కు తేల్చకూడదు, నిబంధనలే స్పష్టంగా చెప్పాలి.

అందుకే పనులకు ముందే ప్రతి స్టేషన్ చుట్టూ 800 మీటర్లలో ఉన్న కుటుంబాలను కులం, సొంతిల్లు, అద్దె వివరాలతో లెక్కించి ప్రకటించాలి. పదేళ్ల తర్వాత మళ్లీ లెక్కించాలి. స్టేషన్ల పక్కనున్న ప్రభుత్వ భూములను వేలం వేయకుండా పారిశుద్ధ్య, మత్స్యకార, కాంట్రాక్టు కార్మిక కుటుంబాలకు తక్కువ అద్దె ఇళ్లు కట్టాలి. మారికవలసకు తెల్లవారుజాము బస్సు మొదటి రైలుతోపాటే మొదలవ్వాలి. పెరిగే భూమి విలువలో వాటా రాబట్టమని కేంద్ర విధానమే చెబుతోంది. ఆ వాటాలో మొదటి హక్కు, నగరాన్ని రోజూ నిద్రలేపుతున్నవారిదే.