మీకు తెలుసా? ఒక్క డయాలిసిస్‌కు 120 లీటర్ల నీళ్లు

నాలుగు గంటల డయాలిసిస్‌లో ఒక్క రోగి రక్తం పక్కనుంచి దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు పారుతుంది. యంత్రం నిమిషానికి అర లీటరు చొప్పున పంపే ఆ ద్రవానికీ రక్తానికీ మధ్య ఉండేది పలుచని పొర ఒక్కటే. వారానికి మూడుసార్లంటే 360 లీటర్లు. నీళ్లు కొలిచి తాగమని డాక్టరు కట్టడి చేసిన మనిషికే ఇన్ని!

ఎన్ని నీళ్లన్నదే కాదు, ఎలాంటి నీళ్లన్నదీ ముఖ్యమే. తాగునీటిలో వేరే దిక్కు లేనప్పుడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడును మన ప్రమాణాలు ఒప్పుకుంటాయి. డయాలిసిస్ నీటిలో మాత్రం 0.2 దాటకూడదు. ఒంట్లో చేరిన ఫ్లోరైడును మూత్రంలో బయటికి పంపేది కిడ్నీలే కదా, ఇక్కడ పాడైనవి అవే. 1993 జులైలో చికాగోలోని ఒక డయాలిసిస్ కేంద్రంలో నీటిశుద్ధి పరికరం పట్టు తప్పి ఫ్లోరైడును వదిలేసింది. చికిత్స పొందిన 15 మందిలో 12 మంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు.

మార్కాపురం, కనిగిరి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడు సంగతి వేరే చెప్పాలా? మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లో నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లావే. అందుకే ఈ పక్క డయాలిసిస్ కేంద్రంలో మంచాల లెక్కకన్నా ముందు అడగాల్సింది వెనక గదిలో నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటు గురించి. అది బయటికి వదిలేసే ఉప్పునీటినీ కలుపుకుంటే, ఒక్కో రోగికి కావాల్సిన నీళ్లు 120 లీటర్ల దగ్గర ఆగవు.