కుదురు మారని కురులు

సంస్కృతమునుండి వచ్చిన ‘అలక’ యను మాటకు వంపు తిరిగిన ముంగురులని యర్థము, తెలుగింటి ‘అలక’కు కినుక యని యర్థము, ఈ రెండును ఒక్క తలమీద కాపురముండుట చూడవలెనన్న, గోదావరి డెల్టాలో శ్రావణమాసపు ముసురునాడు, తలంటుకొని ఇంకను తడియారని ఒత్తైన ఉంగరాల జుట్టునకు దువ్వెన పెట్టవలెను.

మాఘమాసములో పెండ్లి కానున్న మా మేనకోడలు మొన్న రాజమహేంద్రవరమునుండి వచ్చి, “మావయ్యా, జుట్టు పూర్తిగా తిన్నగా చేయించేసుకోనా, కొంచెం వంపు ఉంచుకోనా?” అని యడిగినది. చేయించుకొనుటయా మానుటయా యని గాక, ఎంతమేరకు అని యామె యడుగుట నాకు నచ్చినది.

వెండ్రుక కెరాటిన్ అను మాంసకృత్తుతో నిర్మితము. దాని పోగులను గంధకపు బంధములు గట్టిగా ముడివైచి యుంచును. నీరు తగిలినంతనే వీడి, ఆరినంతనే మరల కూడు దుర్బలమైన హైడ్రోజన్ బంధములును గలవు. ఇంటిలో వేడిపలకలతో తీర్చునపుడు సడలునవి ఈ రెండవవే గనుక, గంటసేపు శ్రమించి తిన్నన చేసిన జుట్టు కోనసీమ కొబ్బరితోటల తేమగాలి సోకగనే తన పూర్వపు ఉంగరాలలోనికి మరలిపోవును. పార్లరులో స్ట్రెయిటెనింగ్ అని చేయునది వేరు. థయోగ్లైకోలేట్ గల లేపనము గంధకపు బంధములలో కొన్నింటిని త్రెంచును. పిమ్మట జుట్టును వేడిపలకలతో సాగదీసి, హైడ్రోజన్ పెరాక్సైడు గల రెండవ లేపనముతో ఆ బంధములను క్రొత్త స్థానములలో కుదుర్తురు. అవాంఛిత రోమములను తొలగించు క్రీములలో నుండునదియు ఈ జాతి రసాయనమే యని యెంతమందికి తెలియును? క్షారగుణము, గాఢత, ఉంచిన కాలము హద్దు మీరినచో, వంపు తీర్చవలసిన మందే వెండ్రుకను కరగించును. కాస్టిక్ సోడాతో చేయు రిలాక్సర్లు మరియొక తెగ. ఒకటి పట్టిన జుట్టుపై రెండవది పూసినచో జుట్టు తునిగి చేతికి వచ్చును.

ఇక కెరాటిన్ ట్రీట్‌మెంటన్న పేరు జుట్టునకు పెట్టు పథ్యమువలె వినబడునుగాని, ఆ తరగతి సరకులలో పెక్కు వేడి తగిలినపుడు ఫార్మాల్డిహైడు వాయువును విడుచునవి. అది మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగమే నిర్ణయించినది. అమెరికాలో 33 వేలకు పైగా స్త్రీలను పరిశీలించి 2022లో ప్రకటించిన అధ్యయనమున, స్ట్రెయిటెనింగ్ మందులు ఎన్నడును వాడనివారిలో 70 ఏండ్లలోపల గర్భాశయ క్యాన్సరు రాగల అవకాశము 1.64 శాతము కాగా, ఏడాదికి నాలుగుసార్లు మించి వాడినవారిలో 4.05 శాతముగా అంచనా వేసిరి. ఆ మందులే కారణమని దీనివలన నిర్ధారణ కాలేదు. ఐనను ‘ఎంత’ యను ప్రశ్నలో ‘ఎన్నిమారులు’ అనునదియు చేరియున్నదని తెలియుచున్నది.

ఏలయన కుదురు మారదు. చర్మములోపల కుదురే వంపుగా నున్నవారికి మొలచు వెండ్రుక ఉంగరముగనే మొలచును. నెలకు రమారమి అరయంగుళము చొప్పున, ఆరుమాసములలో మూడంగుళముల నొక్కులు పైకి వచ్చి, దిగువనున్న తిన్నని జుట్టుతో పొత్తు కుదురక నిలుచును. సగము సడలించినచో ఆ అతుకు అంతగా కనబడదు. ముట్టవలసినదియు క్రొత్తగా మొలచిన భాగమునే. తడిజుట్టును మెల్లగా లాగినపుడు కొంత సాగి మరల ముడుచుకొనినచో అందు సత్తువ యున్నట్లు. సాగి సాగి తెగినచో ఆ యేడు మందు జోలికి పోరాదు.

ఇదంతయు నేను చెప్పుచుండగా, వాకిట కుంకుడుకాయలు కొట్టుచున్న మా అమ్మ, “నున్నటి జుట్టుమీద సవరం నిలవదే తల్లీ! కడియపులంకనుంచి ఎన్ని పూలు తెచ్చినా పూలజడ జారిపోతుంది, దాన్ని పట్టుకునేవి ఆ నొక్కులే” అన్నది. రసాయనశాస్త్రము నోరు మూసికొనినది.

మరునాడు పిల్ల మెడవెనుక పాయ నొక్కదానికి మాత్రము మందు పెట్టించుకొని వచ్చినది. మూడు తలంట్లు గడచిన పిమ్మట చూచి చెప్పెదనన్నది.